గొంతే ఆస్తి: కొడుముడి సుందరాంబాళ్ కథ



మొన్న రాత్రి మన కేంద్రంలో అందరం పలకల మీద పేర్లు రాసుకున్నాం. ఇంటిపేరులో మొదటి అక్షరం ముందు రాయాలి, చుక్క పెట్టాలి, తరవాత పేరు రాయాలి అని చెప్పాను. ఒక పిన్ని సుద్దముక్క పట్టుకుని ఆగిపోయింది. "టీచరమ్మా, ఏ ఇంటిపేరు రాసేది? పుట్టింటిదా, మెట్టినింటిదా?" అంది. అందరూ నవ్వారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. "నీ ఇష్టం పిన్నీ" అన్నాను. ఇంతలో ఆ మూల నుంచి ఒకామె, "మా అమ్మ పేరు రాసుకోకూడదా?" అంది. మళ్ళీ నవ్వారు.

రాసుకోవచ్చు. అలా రాసుకున్న ఒకామె కథే ఈ పాఠం.

ఆమె పేరు కె.బి. సుందరాంబాళ్. తమిళదేశంలో ఆమె పేరు తెలియని పెద్దవాళ్ళు ఉండరు. తమిళులకు మనలాగా ఇంటిపేర్లు ఉండవు. పేరు ముందు ఊరి అక్షరమో, తండ్రి పేరులో అక్షరమో పెట్టుకుంటారు. ఈమె పేరు ముందున్న 'కె' అంటే కొడుముడి. అది ఊరి పేరు. 'బి' అంటే బాలాంబాళ్. అది తల్లి పేరు. తండ్రి పేరూ లేదు, భర్త పేరూ లేదు. గోడల మీద నాటకం కాగితాల్లో, గ్రామఫోను రికార్డుల మీద, సినిమా తెర మీద, చివరికి ప్రభుత్వం ఇచ్చిన బిరుదు మీద కూడా ఆ తల్లి అక్షరం అలాగే ఉండిపోయింది.

రైలులో పాట

కావేరి నది ఒడ్డున కొడుముడి అనే ఊరు ఉంది. ఇప్పుడది తమిళనాడులో ఈరోడ్ జిల్లా. ఊళ్ళో పాత శివాలయం, ఊరి పక్కన రైలు స్టేషను. ఈరోడ్ నుంచి తిరుచిరాపల్లి పోయే రైలు ఆ దారినే పోతుంది. సుందరాంబాళ్ ఆ ఊళ్ళో 1908లో పుట్టింది.

చిన్నతనంలోనే ఇంటికి మగదిక్కు లేకుండా పోయింది. తల్లి బాలాంబాళ్ కష్టపడి పిల్లల్ని సాకింది. ఇల్లు గడవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్లకు దేవుడిచ్చింది ఒక్క గొంతు. ఆ గొంతు సన్నగా ఉండదు. గంట కొట్టినట్టు ఉంటుంది. దూరాన ఉన్నవాడు కూడా పని ఆపి తిరిగి చూసే గొంతు.

ఆమెను నాటకాల్లోకి ఎవరు తీసుకెళ్ళారు అన్నదానికి రెండు కథలు చెబుతారు. ఒక కథలో ఆ పిల్ల రైలుపెట్టెలో పాడుతూ డబ్బులు అడుక్కుంటోంది. అదే రైలులో నటేశ అయ్యర్ అనే రైల్వే అధికారి ఉన్నాడు. ఆయనకు నాటకాల పిచ్చి. పాట విని, ఈ పిల్ల స్టేజీ మీద ఉండాల్సిందని అనుకున్నాడు. ఇంకో కథలో పాట విన్నది ఒక పోలీసు అధికారి. ఆయనే నాటక కంపెనీ వాళ్ళకు చెప్పి చేర్పించాడు. ఏది నిజమో తేల్చడం మన పని కాదు. రెండు కథల్లోనూ ఆకలి ఉంది, పాట ఉంది.

అలా ఆమె వేలు నాయర్ అనే ఆయన నాటక కంపెనీలో చేరింది. మొదట్లో మగపిల్లవాడి వేషం ఇచ్చారు. నాటకం పేరు నల్లతంగాళ్. కరువులో పిల్లలకు అన్నం పెట్టలేక, ఏడుగురినీ బావిలో తోసి తానూ దూకిన తల్లి కథ అది. మన రాయలసీమలో కూడా నల్లతంగ కథ విన్న ముసలమ్మలు ఉంటారు. అందులో ఆకలేస్తోందని తల్లిని పట్టుకుని ఏడ్చే కొడుకు వేషం ఈ పిల్లది. ఆకలిని నటించడం ఆమెకు ఎవరూ నేర్పి ఉండరని నాకు అనిపిస్తుంది.

ఆడవేషం ఎవరు వేయాలి?

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో నాటకాల్లో సీతైనా, ద్రౌపదైనా, చంద్రమతైనా చాలా చోట్ల మగవాళ్ళే వేసేవారు. తమిళదేశంలో బాయ్స్ కంపెనీలని ఉండేవి. పేదింటి మగపిల్లల్ని చేర్చుకుని పాట, పద్యం నేర్పి, గొంతు సన్నగా ఉన్నన్నాళ్ళు ఆడవేషాలు వేయించేవారు. మన దగ్గర స్థానం నరసింహారావు గారు ఆడవేషం కడితే ఆడవాళ్ళే ఆ చీరకట్టు చూసి నేర్చుకునేవారని చెప్పుకుంటారు. మన కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి వాళ్ళు మాత్రం వేరు. వాళ్ళది కుటుంబాల కంపెనీ. ఆడవేషాలు ఇంటి ఆడవాళ్ళే వేసేవారు.

సొంత ఇంటివాళ్ళు పక్కన లేకుండా, ఒంటరిగా స్టేజీ ఎక్కిన ఆడమనిషికి లోకం మంచి పేరు పెట్టేది కాదు. డబ్బులు పెట్టి టిక్కెట్టు కొని రాత్రంతా ఆమె పాట వింటారు. తెల్లారాక ఆమె గురించే చెడ్డగా మాట్లాడతారు. ఇది పాత మాట అనుకోకండి. మన కేంద్రంలో ఒక అక్క ఉంది. నాట్లు వేసేటప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడిలో వాళ్ళు కూడా అందుకుంటారు. కిందటేడు మండలం నుంచి ఆఫీసర్లు వచ్చిన రోజున "అక్కా, పాడు" అంటే పాడలేదు. ఎందుకంటే "నాటకాలదానిలాగా నలుగురి ముందు పాడతావా" అని ఇంట్లో అన్నారట. ఆ అక్క పేరు నేను రాయను. ఈ పాఠం చదివేటప్పుడు ఆమెకే తెలుస్తుంది.

రాత్రంతా నాటకం

సుందరాంబాళ్ చిన్నతనంలోనే నాటకాల వాళ్ళతో ఓడ ఎక్కి సింహళం వెళ్ళింది. సింహళం అంటే ఇప్పటి శ్రీలంక. అక్కడి టీ తోటల్లో, కొలంబో పట్నంలో తమిళులు చాలామంది ఉండేవారు. తమిళ నాటకం వచ్చిందంటే విరగబడి చూసేవారు. ఆమె ముందుగా పెద్ద పేరు తెచ్చుకున్నది అక్కడే.

అప్పటి నాటకం ఎలా ఉండేదో తెలిస్తే ఆమె చేసిన పని ఎంత కష్టమో తెలుస్తుంది. రాత్రి భోజనాలయ్యాక మొదలయ్యేది. తెల్లవారి కోడి కూసేదాకా సాగేది. మైకులు లేవు. గ్యాసులైట్ల వెలుతురు. ఎదురుగా వేలమంది జనం. వెనక వరసలో చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న ఆమెకు కూడా ప్రతి మాటా వినపడాలి. అందుకని చాలా పై శ్రుతిలో పాడేవారు. ఒక పక్క హార్మోనియం, ఇంకో పక్క మృదంగం. గొంతు అందుకోలేకపోతే జనం ఊరుకోరు. కూతలు పెడతారు, ఈలలు వేస్తారు.

ఇంకో సంగతి. తమిళదేశంలో 'స్పెషల్ నాటకం' అని ఒక పద్ధతి ఉంది. ఒక కంట్రాక్టరు ఉంటాడు. రాజాపార్టు వేసేవాడిని ఒక ఊరి నుంచి, స్త్రీపార్టు వేసే ఆమెను ఇంకో ఊరి నుంచి, హాస్యగాడిని మరో ఊరి నుంచి ఒక్క రాత్రికి మాట్లాడుకుంటాడు. వాళ్ళు కలిసి ముందుగా నాటకం నేర్చుకునేదేమీ ఉండదు. సాయంత్రం కలుస్తారు, రాత్రి ఆడతారు. కథ అందరికీ తెలిసిందే. పాటలు ఎవరివి వారికి కంఠతా వచ్చు. మధ్యలో మాటకు మాట, పాటకు పాట అప్పటికప్పుడు చెప్పాలి. దాన్ని తర్కం అంటారు. ఎదుటివాడు చిక్కు ప్రశ్న వేస్తే పాటలోనే తిప్పికొట్టాలి. అంటే గొంతు ఒక్కటీ చాలదు. బుర్ర చురుగ్గా ఉండాలి.

ఇలాంటి నాటకాలకు పెద్ద దిక్కు శంకరదాస స్వామి అనే ఆయన. ఆయన 1922లో చనిపోయారు. ఆయన రాసిన వల్లీ తిరుమణం నాటకం తమిళ పల్లెల్లో ఎన్నిసార్లు ఆడారో లెక్కలేదు. తిరుమణం అంటే పెళ్ళి. కథ మీకు తెలిసిందే, శ్రీవల్లీ కల్యాణం. వల్లి కొండజాతి పిల్ల. జొన్నచేనుకో, కొర్రచేనుకో కాపలా. మంచె మీద నిలబడి పిట్టల్ని తోలుతూ ఉంటుంది. సుబ్రహ్మణ్యస్వామి వేటగాడి వేషంలో వచ్చి ఆమెను పలకరిస్తాడు. ఆమె ఒక పట్టాన లొంగదు. ఇద్దరికీ పాటల్లో వాదన. జనం ఆ వాదన కోసమే వచ్చేవారు. సుందరాంబాళ్ వల్లి వేషం కట్టి పిట్టల్ని తోలే పాట ఎత్తుకుంటే ఆ గొంతు ఊరి చివరిదాకా వినపడేదట.

కిట్టప్ప

ఆ రోజుల్లోనే ఎస్.జి. కిట్టప్ప అనే కుర్రవాడు తమిళ నాటకాల్లో పెద్ద పేరు. సెంగోట్టై ఊరివాడు, 1906లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ స్టేజీ మీదే పెరిగాడు. అతని అన్న హార్మోనియం వాయిస్తే ఇతను పాడేవాడు. మన త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలు కూడా నాటకం మధ్యలో పాడేవాడు. అర్థం తెలియని తమిళ జనం కూడా ఆ పాటకు లేచి నిలబడేవారని అంటారు.

1926లో కొలంబోలో ఇద్దరూ కలిసి ఆడారు. "వాడి ముందు నువ్వు నిలబడలేవు" అని ఆమెను, "ఆమె ముందు నువ్వు నిలబడలేవు" అని అతన్ని జనం ముందే భయపెట్టారట. ఇద్దరూ నిలబడ్డారు. ఒకరి శ్రుతికి ఒకరి శ్రుతి సరిపోయింది. ఆమె వల్లి, అతను వేలన్. ఎక్కడ ఆడినా జనం, ఎక్కడ ఆడినా డబ్బు.

1927లో పెళ్ళి చేసుకున్నారు. కిట్టప్పకు అప్పటికే ఒక భార్య ఉంది. కులాలు కూడా వేరు. సుందరాంబాళ్‌కు ఈ సంగతులు తెలిసే చేసుకుంది. స్టేజీ మీద సవ్యంగా నడిచిన కాపురం ఇంట్లో నడవలేదు. కడుపున పుట్టిన బిడ్డ దక్కలేదు. కిట్టప్ప కొన్నాళ్ళు వచ్చేవాడు, కొన్నాళ్ళు వచ్చేవాడు కాదు. ఆమె ఉత్తరాలు రాసింది. కోపంతో రాసింది, బతిమాలి రాసింది. ఆ ఉత్తరాలు తరవాత అచ్చులో కూడా వచ్చాయి. నాకు ఆమె పాటల కన్నా ఈ ఉత్తరాల మాటే ఎక్కువ గుర్తుంటుంది. ఎదురుగా లేని మనిషితో కష్టం చెప్పుకోవాలంటే రెండే దారులు. ఇంకొకరి చేత కబురు పెట్టాలి. లేదా మనమే రాయాలి. కబురు మోసేవాళ్ళకు చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి కదా!

కిట్టప్పకు తాగుడు అలవాటైంది. ఒళ్ళు చెడింది. 1933 డిసెంబరులో చనిపోయాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. సుందరాంబాళ్‌కు అప్పటికి పాతికేళ్ళు.

తెల్లచీర

ఆమె తెల్ల ఖద్దరు చీర కట్టింది. నగలు తీసేసింది. నుదుట విభూతి, మెళ్ళో రుద్రాక్షలు. ఇక ఏ మగవాడి పక్కనా జంటగా వేషం వేయనని ఒట్టు పెట్టుకుంది. చనిపోయేదాకా, అంటే ఇంకో నలభై ఆరేళ్ళ పైన, ఆ మాట మీదే ఉంది.

ఈ తెల్లచీర గురించి నాకూ, నా తోటి టీచరుకూ వాదన జరిగింది. ఆమె అంటుంది: "చూశావా, అంత గొప్ప మనిషికి కూడా భర్త పోతే రంగు చీర లేదు. లోకం ఆమె పాట వినడానికి ఒప్పుకుంది కానీ బొట్టు పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు." నేనేమో, "ఆ చీర ఆమెకు కోటగోడ అయింది, ఇక ఎవడూ ఆమె గురించి నోరు జారడానికి వీల్లేకపోయింది" అన్నాను. ఇద్దరం ఒప్పుకోలేదు. మీలో భర్త పోయినవాళ్ళు ఉన్నారు. మీరైతే ఏమంటారో వినాలని ఉంది. కానీ ఒకటి మాత్రం నిజం. చీర తెల్లబడింది కానీ గొంతు మూగబోలేదు. కొంతకాలం ఇంట్లో ఉండిపోయింది. తరవాత మళ్ళీ స్టేజీ ఎక్కింది. ఈసారి మగవేషం, భక్తుడి వేషం. పేరు నందనార్.

లక్ష రూపాయలు

నందనార్ ఒక మాలపల్లె కూలి మనిషి. చిదంబరం వెళ్ళి శివుణ్ణి చూడాలని కోరిక. భూస్వామి పంపడు. పొలం పని ఉందంటాడు. "రేపు పోతా, రేపు పోతా" అనుకుంటూనే రోజులు గడిచిపోతాయి. గోపాలకృష్ణ భారతి అనే ఆయన ఈ కథను వంద సంవత్సరాలకు ముందే పాటలుగా కట్టారు. సుందరాంబాళ్‌కు ఈ వేషం అన్ని విధాలా కుదిరింది. పక్కన జంట లేదు. ఒట్టు చెడదు. పైగా కూలిమనిషి కోరిక ఎలాంటిదో ఆమెకు తెలుసు.

అప్పుడే మాటలు వచ్చే సినిమాలు మొదలయ్యాయి. అసన్‌దాస్ అనే నిర్మాత నందనార్‌ను సినిమా తీస్తానని వచ్చాడు. ఆమెకు ఇష్టం లేదు. వదిలించుకుందామని "లక్ష రూపాయలు ఇస్తే చేస్తా" అందట. అంత డబ్బు ఎవరిస్తారు, పోతాడులే అనుకుంది. అతను సరేనన్నాడు!

సినిమా 1935లో వచ్చింది. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో లెక్క కడదాం. అప్పుడు తులం బంగారం ముప్పై అయిదు రూపాయలకు కాస్త అటూ ఇటూ. లక్షను ముప్పై అయిదుతో భాగించండి. 2,850 తులాలు దాటుతుంది. రైలుపెట్టెలో కానీలకు చెయ్యి చాచిందని కథలు చెప్పే పిల్ల ఆమే. అప్పటిదాకా మన దేశంలో ఏ సినిమా నటికీ, నటుడికీ అంత ఇవ్వలేదని చెబుతారు.

మన దగ్గర కూలి రేటు ఎవరు చెబుతారు? రైతు చెబుతాడు, మేస్త్రి చెబుతాడు. మగకూలికి ఒక రేటు, ఆడకూలికి ఒక రేటు. మనం తల ఊపుతాం. ఆమె కావాలని చెప్పిందో, తప్పించుకోవడానికి చెప్పిందో, తన పనికి తానే ధర చెప్పింది.

ఆ సినిమా మాత్రం అంత బాగా ఆడలేదు. పత్రికల వాళ్ళు వెక్కిరించారు కూడా. ఒక పేరున్న రచయిత, ఇందులో తాటిచెట్టూ, గేదే బాగా నటించాయని రాశాడు. స్టేజీ మీద వేలమందిని కదిలించిన మనిషి కెమెరా ముందు మొదటిసారి నిలబడింది. అలాంటిది జరుగుతుంది. ఆమె పాటలకు మాత్రం ఎవరూ వంక పెట్టలేదు.

బంగారు పళ్ళెం

కిట్టప్ప బతికి ఉన్నప్పటి నుంచే ఇద్దరూ కాంగ్రెసు వైపు ఉండేవారు. స్వాతంత్ర్యం కోసం పోరాటం జరుగుతున్న కాలం. మీటింగుకు జనం రావాలంటే ఉపన్యాసం కన్నా ముందు సుందరాంబాళ్ పాట ఉండాలి. సత్యమూర్తి అనే కాంగ్రెసు నాయకుడు ఆమెను చాలా ప్రోత్సహించారు. భర్త పోయాక మళ్ళీ బయటికి రమ్మని చెప్పినవారిలో ఆయన ముఖ్యులు. గాంధీ గారి మీద ఆమె పాడిన పాటలు గ్రామఫోను రికార్డులుగా వచ్చాయి. రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పాట పట్టేది. రాత్రంతా పాడే మనిషి ఆ మూడు నిమిషాల్లో సర్దుకోవాలి! అయినా చదువు రాని పల్లెల్లోకి కూడా ఆ పాటలు వెళ్ళాయి. పేపరు చదవలేనివాళ్ళకు పాటే పేపరు.

గాంధీ గారు ఒకసారి కొడుముడిలో ఆమె ఇంటికి వచ్చారు. ఆమె బంగారు పళ్ళెంలో భోజనం వడ్డించింది. తిన్నాక ఆయన నవ్వుతూ, భోజనం మాత్రమేనా, పళ్ళెం ఇవ్వవా అన్నట్టు అడిగారట. ఆమె పళ్ళెం ఇచ్చేసింది. ఆయన దాన్ని వేలం వేసి ఆ డబ్బు ఉద్యమానికి వాడారని చెబుతారు. తమిళదేశంలో ఈ కథ తెలియనివారు తక్కువ.

స్వాతంత్ర్యం వచ్చాక 1950ల్లో ఆమె మద్రాసు శాసనమండలిలో సభ్యురాలయింది. శాసనమండలి అంటే చట్టాలు చేసే పెద్దల సభ. నాటకాల నుంచీ, సినిమాల నుంచీ మన దేశంలో చట్టసభకు వెళ్ళిన మొదటివాళ్ళలో ఆమె ఒకరు. తరవాతి కాలంలో తమిళనాట, మన దగ్గర సినిమావాళ్ళు ముఖ్యమంత్రులే అయ్యారు. ఆ దారిలో మొదట నడిచినవాళ్ళలో తెల్లచీర కట్టిన ఈ విధవరాలు ఉందన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

అక్షరాల అవ్వ

ఇప్పుడు చెప్పబోయేది మన కేంద్రానికి బాగా దగ్గర సంగతి.

తమిళంలో చాలా కాలం కిందట అవ్వైయార్ అనే పేరుతో ఆడ కవులు ఉన్నారు. అవ్వై అంటే మన 'అవ్వ' లాంటి మాటే. పెద్దావిడ అని. ఆమె గురించి ఒక కథ ఉంది. వయసులో ఉండగా పెళ్ళి చేయబోయారు. ఆమెకు ఇష్టం లేదు. ఊరూరూ తిరిగి నలుగురికీ మంచి చెప్పాలని ఆమె కోరిక. వయసులో ఉన్న ఆడపిల్ల ఒంటరిగా తిరిగితే లోకం ఊరుకుంటుందా? అందుకని వినాయకుడికి మొక్కుకుంది: "స్వామీ, నన్ను ముసలిదాన్ని చెయ్యి." వెంటనే జుట్టు నెరిసింది, ఒళ్ళు ముడతలు పడింది. చేతికర్ర పట్టుకుని రోడ్డున పడింది. రాజుల దగ్గరికి వెళ్ళింది, కూలివాళ్ళ గుడిసెల్లోనూ కూర్చుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ కథ విన్నప్పుడు మన కేంద్రంలో ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దామె మాత్రం, "నిజమేనమ్మా, నాకూ తల నెరిశాకే గదా రాత్రిపూట బడికి రానిచ్చింది" అంది.

ఆ అవ్వ పేరు మీద ఆత్తిచూడి అని ఒక చిన్న పుస్తకం ఉంది. మనం అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని నేర్చుకుంటాం. తమిళ పిల్లలు ఒక్కో అక్షరానికి ఒక్కో మంచి మాట నేర్చుకుంటారు. అ తో ఒక మాట, ఆ తో ఒక మాట, అలా వరసగా. చిన్న చిన్న మాటలు, ఊపిరి తీసుకునే లోపల అయిపోతాయి. అంటే తమిళులకు అక్షరాలు నేర్పిన మొదటి టీచరు ఒక అవ్వ!

మద్రాసులో జెమిని స్టూడియో వాసన్ గారు అవ్వైయార్ కథను సినిమా తీశారు. 1953లో వచ్చింది. అవ్వ వేషం సుందరాంబాళ్‌ది. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్ళు. ఈ సినిమా నందనార్ లాగా కాలేదు. చేతికర్ర, తెల్లచీర, విభూతి, ఆ గొంతు. జనం నటిని చూడలేదు, అవ్వనే చూశారు. ఆ తరవాత తమిళ పిల్లలకు అవ్వ అంటే సుందరాంబాళ్ ముఖమే గుర్తొచ్చేది. 1965లో తిరువిళైయాడల్ అనే సినిమాలో మళ్ళీ అవ్వగానే వచ్చింది. పండు దక్కలేదని అలిగి కొండెక్కిన కుమారస్వామికి నచ్చజెప్పే అవ్వ. ఆ నడుమ 1964లో పూంపుహార్ సినిమాలో జైన సన్యాసినిగా వేసింది. ఆ సినిమా మాటలు రాసింది దేవుణ్ణి నమ్మని కరుణానిధి గారు. ఆమె పరమ భక్తురాలు. అందుకని మొదట వెనకాడింది, తరవాత ఒప్పుకుంది.

చూశారా, పాతికేళ్ళు దాటాక ఆమె సినిమాల్లో వేసినవి ఎలాంటి వేషాలో! మగ భక్తుడు, సన్యాసిని, ముసలి అవ్వ. నవ్వే వేషం లేదు, ప్రేమించే వేషం లేదు. పిట్టల్ని తోలే వల్లి మళ్ళీ రాలేదు. నాకు ఇది కొంచెం బాధగానే ఉంటుంది. కానీ ఆ కొద్ది చోటులోనే ఆమె ఎవరూ కదపలేనట్టు కూర్చుంది.

సినిమా పాటకు ఆడవాళ్ళకు విడిగా జాతీయ బహుమతి ఇవ్వడం 1968 సినిమాలతో మొదలైంది. మొదటిది మన విజయనగరం ఆడబిడ్డ పి. సుశీల గారికి వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1969లో వచ్చిన తుణైవన్ సినిమాలో పాటకు సుందరాంబాళ్‌కు వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. సొంత ఊరు కొడుముడిలో సినిమా హాలు కట్టించుకుంది. 1980లో కన్ను మూసింది.

మాటలకు అర్థాలు

శ్రుతి: పాట ఎంత పైన, ఎంత కింద పాడాలో తెలిపే స్వరం. తర్కం: మాటకు మాట చెప్పే వాదన. వేలం: నలుగురిలో ఎక్కువ ధర చెప్పినవారికి వస్తువు ఇచ్చే అమ్మకం. బిరుదు: గొప్ప పని చేసినవారికి ఇచ్చే గౌరవపు పేరు. తులం: బంగారం తూచే పాత కొలత.

చెయ్యండి

మీ పేరు రాయండి. ముందు ఏ అక్షరాలు పెట్టాలో మీరే తేల్చుకోండి. ఊరి అక్షరమా, ఇంటి అక్షరమా, అమ్మ అక్షరమా? ఎందుకు పెట్టారో పక్కనున్నవారికి చెప్పండి.

లక్ష రూపాయల లెక్క మీ పలక మీద మీరే వేసి చూడండి. నేను చెప్పింది తప్పయితే మంగళవారం నన్ను పట్టుకోండి.

తెల్లచీర గురించి మా ఇద్దరి వాదన చదివారు కదా. మీకేమనిపిస్తే అది మూడు వాక్యాలు రాయండి. తప్పులుంటే ఏం పరవాలేదు, దిద్దుకుందాం. రాసింది ఎవరికీ చూపించకూడదనుకుంటే మడిచి మీ దగ్గరే పెట్టుకోండి.

ఊళ్ళో ఎవరికైనా పాత నాటకాల పాటలు, నాట్ల పాటలు, నల్లతంగ కథ వస్తే మంగళవారం కేంద్రానికి తీసుకురండి. చాపలు రెండు ఎక్కువ వేయిస్తాను. కరెంటు పోయినా లాంతరు ఉంది.